పేరు బిడ్డది, బాధ్యత పెద్దలది



బడిలో మేము రాజుల పేర్లు చెబుతాం. రాజు పసివాడైతే రాజ్యం ఎవరు నడిపారో చెప్పడం మరచిపోతాం. 1461లో బీదరులో బహమనీ సుల్తాన్ హుమాయూన్ షా మరణించాడు. ఎనిమిదేళ్ల నిజాం షా గద్దెనెక్కాడు. 1463లో అతడూ పోగా, పదేళ్లైనా నిండని తమ్ముడు మూడవ ముహమ్మద్ షా సుల్తాన్ అయ్యాడు. రాజ్యభారం మోసింది వారి తల్లి, మంత్రులు ఖ్వాజా జహాన్, మహమూద్ గవాన్.

బహమనీ వెండి టంకా దాదాపు 11 గ్రాములు. వెండి బిళ్లను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. అచ్చు కాస్త పక్కకు జరిగితే అంచున అక్షరాలు తెగిపోయేవి. నాణెం మీద పేరు మాత్రం బాల సుల్తాన్‌దే. తల్లి పేరు లేదు, మంత్రుల పేర్లూ లేవు. అయినా ఆ వెండి తూకం తగ్గితే జవాబు చెప్పవలసింది పసివాడు కాదు, ఆ పెద్దలే.

మన సంఘం తండ్రి లేని పిల్లలకు ఫీజులు కడుతోంది. రసీదు మీద పేరు బిడ్డది, లెక్క మనది. అది అమానత్. మన పేరు ఎక్కడా కనబడకపోయినా ఫరవాలేదు, తూకం మాత్రం తగ్గకూడదు.