ఉప్పుగాలి – పాత కారు

(ఉప్పాడలో రాత్రి చదువుల కేంద్రంలో చేసిన ప్రసంగం)



కాకినాడ నుంచి ఉప్పాడ వచ్చే బీచ్ రోడ్డు అందరికీ తెలిసిందే. సముద్రం పోటు మీద ఉంటే అలలు రోడ్డు మీదికి ఎగిసి పడతాయి. 2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చినప్పుడు ఆ రోడ్డు బాగా దెబ్బతింది. తుపాను లేని రోజున కూడా ఆ దారిన వచ్చే బండి మీద ఉప్పు తుంపర పడుతూనే ఉంటుంది. ఇంటికొచ్చాక అద్దం మీద తెల్లటి పొర కనబడుతుంది. అది ఉప్పు.

"కారు పాతదైంది కదా, తుప్పు పట్టదా?" అంటారు చాలామంది. కారుకు తుప్పు పట్టేది వయసు వల్ల కాదు. తడి వల్ల, ఉప్పు వల్ల. అనంతపురం వైపు వానలు తక్కువ. సముద్రం దూరం. ఒకే ఏడాది కొన్న రెండు కార్లలో అక్కడి కారు రేకు గట్టిగా ఉంటుంది. అప్పటికే ఉప్పాడ కారు రేకు చిల్లులు పడుతుంది.

తుప్పు ఎలా పడుతుంది?

ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు – ఈ మూడూ కలిస్తే తుప్పు. ఒక్కటి లేకపోయినా తుప్పు పట్టదు. తుప్పు పట్టేటప్పుడు ఆ తడిలో చాలా కొద్దిగా కరెంటు పారుతుంది. ఉప్పునీటిలో అది తేలికగా పారుతుంది. అందుకే తుప్పు తొందరగా పడుతుంది.

ఇంకో సంగతి. ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు చెమ్మగిల్లడం అందరూ చూసిందే. కారు రేకు మీది ఉప్పు కూడా అంతే. పగలు ఎండకి ఆరుతుంది. రాత్రికి మళ్లీ తడుస్తుంది.

కావాలంటే పరీక్ష చేసి చూడండి. మూడు గాజు గ్లాసులు, మూడు కొత్త మేకులు తీసుకోండి. ఒక మేకును పొడిగా ఉంచండి. ఒకదాన్ని మంచినీళ్లలో సగం మునిగేలా పెట్టండి. ఇంకోదాన్ని ఉప్పునీళ్లలో అలాగే పెట్టండి. వారం పది రోజుల తరవాత మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

ఢిల్లీలో కుతుబ్ మినార్ దగ్గర ఒక ఇనుప స్తంభం ఉంది. సుమారు 1600 ఏళ్ల నాటిది. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ. దానివల్ల స్తంభం మీద పలుచని పొర ఏర్పడి, లోపలి ఇనుమును కాపాడుతోంది. కారుకు ఆ పొర లేదు. దానికి రంగే చొక్కా. చొక్కా చిరిగిన చోట తుప్పు మొదలవుతుంది.

రంగు చూసి మోసపోవద్దు

అంబాసిడర్, మారుతి 800 కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పుడు అమ్మకానికి వచ్చేవన్నీ పాతవే. చేపల వ్యాపారం చేసే ఒకాయన, కూడబెట్టిన డబ్బుతో అలాంటి కారు కొనబోయాడనుకోండి. తెలిసిన మెకానిక్కును తోడు తీసుకెళ్లాడు.

"రంగు భలే మెరుస్తోందండి మేస్త్రీగారూ! బయానా ఇచ్చేద్దామా?"

"ఆగు బాబూ. కారుని ముఖం చూసి కొనకూడదు. కడుపు చూసి కొనాలి."

మేస్త్రీ కారులో కాళ్ల కింద పట్టా ఎత్తాడు. నేల రేకును స్క్రూడ్రైవరు పిడితో కొట్టాడు. గట్టి రేకు టంగుమంటుంది. ఇది మెత్తగా లోపలికి పోయింది. పెచ్చులు రాలాయి.

"చూశావా? ఈ రేకు మీదే సీటు. సీటు మీద నీ పిల్లలు కూర్చుంటారు. బ్రేకు నూనె గొట్టం కూడా దీని కిందే పోతుంది. అది తుప్పు పట్టి పగిలితే బ్రేకు పడదు."

"అమ్మో! వద్దండి బాబూ" అని ఆయన డబ్బు జేబులో పెట్టుకున్నాడు.

తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది. అందుకే లోపల తుప్పు పడితే పైన రంగు పొక్కుతుంది. పైన కందిగింజంత పొక్కు ఉంటే, లోపల అరచెయ్యంత రేకు పోయి ఉండొచ్చు. దాని మీద రంగు వేస్తే పుండు మీద పౌడరు అద్దినట్టే.

ఏం చెయ్యాలి?

బీచ్ రోడ్డు మీద తిరిగిన బండిని మంచినీళ్లతో కడగాలి. పై భాగం ఒక్కటే కాదు. అడుగున, చక్రాల పైన ఉండే గూళ్లలో పేరుకున్న బురద పోవాలి. ఉప్పు బోరు నీళ్లతో కడిగితే ఉప్పును మళ్లీ పూసినట్టే.

తలుపుల అడుగు అంచున చిన్న రంధ్రాలుంటాయి. లోపల పడ్డ వాననీరు వాటిలోంచే పోతుంది. అవి మూసుకుపోకుండా చూడాలి. తడిసిన పట్టాను తీసి ఎండబెట్టాలి. చేపల పెట్టెలు వేసే బండిలో ఐసు నీళ్లు నిలవనివ్వకూడదు. తడి బండి మీద ప్లాస్టిక్ పట్టా కప్పకూడదు. తడి లోపలే ఉండిపోతుంది.

రంగు గీరుకుపోతే వెంటనే ఎమ్రీ కాగితంతో రుద్ది, తుడిచి, రెడ్ ఆక్సైడ్ పూసి, ఆ పైన రంగు వెయ్యాలి. అడుగున అండర్ కోటింగు వేయించవచ్చు. తుప్పు గీకి, కడిగి, బాగా ఆరిన తరవాతే వేయించాలి. కొందరు వాడేసిన ఇంజను నూనె పూస్తారు. అది బ్రేకుల మీద పడితే ప్రమాదం. నేలనూ నీటినీ కూడా చెరుపుతుంది. బ్రేకు గొట్టాల మీద తుప్పు కనబడితే ఆలస్యం చేయకుండా మెకానిక్కుకు చూపించాలి.

ఇప్పుడు మీకు చదవడం వచ్చింది. పాత కారు కొనేటప్పుడు ఆర్.సి. కాగితం అడగండి. కారు ఏ సంవత్సరంలో తయారైందో, రిజిస్ట్రేషను ఏ తేదీ వరకు ఉందో మీరే చూసుకోండి. సొంత కారుకు రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తరవాత బండిని తనిఖీ చేయించి, మళ్లీ పొడిగించుకోవాలి.

గుర్తుంచుకోండి: సముద్రాన్ని ఆపలేం. ఉప్పుగాలిని ఆపలేం. బండిని కడిగి ఆరబెట్టడం మాత్రం చేతిలో పనే. నాలుగు బిందెల మంచినీళ్లకు బద్ధకిస్తే, పోయేది రేకు ఒక్కటే కాదు. అందులో కూర్చున్న మనుషులు కూడా.