సరుకు ఎవరిది? ముందు నువ్వెవరు?



మాస్టారు రాజవంశాల వరసలు అప్పజెప్పించుకునే చరిత్ర ఉపాధ్యాయులు కారు. ఓడ పోతే నష్టం ఎవరి నెత్తిన పడిందో చెప్పమనేవారు. అందుకే ఆయన పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి 17వ శతాబ్దపు లండన్‌లో ఓడసరుకు పోగొట్టుకుని కోర్టు మెట్లెక్కిన వర్తకులను ఎంచుకున్నాను.

ఆ కోర్టు పేరు హైకోర్ట్ ఆఫ్ అడ్మిరల్టీ. సెయింట్ పాల్స్ చర్చి దాపునే డాక్టర్స్ కామన్స్ అనే చోట దాని న్యాయవాదులు ఉండేవారు. ఇంగ్లండులోని మామూలు కోర్టుల్లో నడిచే దేశవాళీ న్యాయం ఇక్కడ చెల్లదు. రోమన్ సంప్రదాయం నుంచి వచ్చిన సివిల్ లాలో డాక్టరు పట్టా పుచ్చుకున్నవారే వాదించాలి. కొల్లసొమ్ము కేసుల్లో జ్యూరీ ఉండదు. సాక్షిని నిండు సభలో నిలబెట్టి నిలదీయడం కూడా ఉండదు. విడిగా కూర్చోబెట్టి, ముందే రాసి పెట్టుకున్న ప్రశ్నలు వరసగా అడుగుతారు. పేరు, ఊరు, వృత్తి, వయసు పైన రాసుకుని, జవాబులను ‘ఇతడు చెప్పునదేమనగా’ అన్న ధోరణిలో కిందికి దింపుతారు. డచ్చి, స్పానిష్, పోర్చుగీసు తప్ప రానివాడికి ప్రమాణం చేసిన దుబాసీ ఉంటాడు. చివర సంతకం, చదువు రానివాడైతే ఒక గీత. నాలుగు వందల ఏళ్ళ కిందటి కళాసీ వయసూ పుట్టిన ఊరూ ఇవాళ మనకు తెలుస్తున్నాయంటే ఆ గుమాస్తాల చలవే.

యుద్ధకాలంలో ఈ కోర్టుకు పని పెరిగేది. 1652లో డచ్చివాళ్ళతో, 1655లో స్పెయిన్‌తో ఇంగ్లండుకు యుద్ధం వచ్చింది. శత్రువు సరుకు పట్టుకుంటే అది పట్టుకున్నవాడిదీ ప్రభుత్వానిదీ అవుతుంది, తటస్థుడిదైతే తిరిగి ఇచ్చెయ్యాలి. చెప్పుకోవడానికి ఇంతే. కానీ రుజువు చేసే బరువు ఎవరిమీద? నా ఇంట్లో సామాను ఎత్తుకుపోయినవాడు అది తనదెట్లా అయిందో చెప్పుకోవాలని మనం అనుకుంటాం. ఇక్కడ తలకిందులు. ఓడ పట్టుబడ్డాక అది తనదని చూపుకోవలసినవాడు పోగొట్టుకున్నవాడే. అదీ ముందుగా ఓడలో దొరికిన కాగితాలతోనూ, పట్టుబడిన నావికుల నోటితోనూ. సరుకు ఎక్కించిన రేవులో ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్, ఓడ కిరాయి ఒప్పందం, రాజుల దగ్గర పుచ్చుకున్న పరవానాలు, బేళ్ళ మీద మసితో వేసిన వర్తకుడి గుర్తు, వీటన్నిటినీ ఒకదానితో ఒకటి పోల్చి చూసేవారు. గుర్తు ఒకరిదీ, బిల్లులో పేరు ఇంకొకరిదీ అయితే వర్తకుడికి తిప్పలు మొదలు.

ఆ తేడా దాదాపు ప్రతి ఓడలోనూ ఉండేది. అది దొంగతనమని నేను అనను. ఆ రోజుల్లో సముద్రవ్యాపారం చేసేవాడు ఒకే రాజు నీడన ఉంటే బతకలేడు. డచ్చివాడి వెండి హాంబర్గువాడి పేరున, పోర్చుగీసువాడి చక్కెర ఇంగ్లీషువాడి పేరున ప్రయాణం చేసేవి. 1652లో శాంసన్, సాల్వడార్, సెయింట్ జార్జ్ అనే మూడు ఓడలు స్పెయిన్ నుంచి వెండి నింపుకుని వస్తూ ఇంగ్లీషువాళ్ళకు దొరికాయి. ఓడలు హాంబర్గు, ల్యూబెక్ రేవులవి. వెండి ఎవరిదన్న తగవు ఎడతెగకుండా సాగింది. స్పెయిన్ రాయబారి తమ రాజు ప్రజలదన్నాడు. డచ్చివాళ్ళదే, పేర్లు మార్చారని ఇంగ్లీషువాళ్ళు అన్నారు. వెండి మాత్రం లండన్ టవరులోని టంకశాలకు చేరి ఇంగ్లీషు నాణెమైంది.

ఇక ఈ సాయంత్రం అసలు సంగతి అంటోనియో రోడ్రిగెస్ రోబ్లెస్‌ది. 1656 మార్చిలో, లండన్‌లో కాపురముంటూ కెనరీ దీవులతో వర్తకం చేసే ఇతని ఇంటిమీద ప్రభుత్వం మనుషులు పడ్డారు. సామాను, లెక్కలు, థేమ్స్ నదిలో ఉన్న టూ బ్రదర్స్, టోబియాస్ అనే రెండు ఓడలు జప్తు చేశారు. ఇతడు స్పెయిన్ రాజు ప్రజ, అంటే శత్రువు అని ఒక దస్తావేజుల రాతగాడు ఫిర్యాదు చేశాడు. అతను అంతకుముందు రోబ్లెస్ తోటి వర్తకుల దగ్గర పనిచేసినవాడు. ఇంటిగుట్టు తెలిసినవాడి ఫిర్యాదుకు పదునెక్కువ.

రోబ్లెస్ ఇచ్చిన జవాబు లండన్ అంతటినీ ఉలిక్కిపడేట్టు చేసింది. నేను స్పెయిన్‌వాణ్ణి కాను, పోర్చుగల్‌లోని ఫుందావ్‌లో పుట్టాను, యూదుణ్ణి అన్నాడు. ఇన్‌క్విజిషన్ మతవిచారణలో తండ్రి చనిపోయాడనీ, తల్లి అవిటిదైందనీ, బంధువులను కాల్చేశారనీ రాసిచ్చాడు. 1290లో యూదులను వెళ్ళగొట్టిన దేశంలో నిలబడి ఈ మాట అనడం చిన్న విషయం కాదు. యూదులను మళ్ళీ రానివ్వాలా వద్దా అని అప్పటి ఇంగ్లండు పాలకుడు క్రామ్వెల్ వైట్‌హాల్‌లో సభ పెట్టి, ఏమీ తేలక ముగించి అప్పటికి మూణ్ణెల్లే అయింది. అంతవరకూ లండన్‌లోని కొద్ది యూదు కుటుంబాలు పైకి కాథలిక్కులుగా చెలామణీ అయ్యాయి. ఇప్పుడు సరుకు దక్కాలంటే ముసుగు తియ్యాలి. అదే మార్చిలో, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చిన పండితుడు మెనాసె బెన్ ఇజ్రాయెల్, లండన్ వర్తకుల్లో పెద్దతలకాయ అంటోనియో ఫెర్నాందెజ్ కర్వజాల్, మరికొందరు కలిసి క్రామ్వెల్‌కు అర్జీ పెట్టుకున్నారు. ఇళ్ళలో ప్రార్థన చేసుకోనివ్వండి, చనిపోయినవాళ్ళను పూడ్చడానికి చోటివ్వండి అని అడిగారు. రోబ్లెస్ సరుకు తగవుతో పాటే ఒక సమాజం బతుకు తగవూ బల్లమీదికి వచ్చింది.

తరువాత వాంగ్మూలాలు. సాటి వర్తకులు, నౌకర్లు, ఎరిగినవాళ్ళు వరసగా వచ్చారు. ఇతడు పోర్చుగీసు యూదుడే, మా అందరికీ తెలుసు అన్నవారు కొందరు. స్పెయిన్ రాయబారి ఇంట్లో పూజకు వెళ్ళేవాడు అన్నవారు కొందరు. సున్నతి అయిందా లేదా అన్నదాకా పోయింది విచారణ. అవలేదు. కెనరీ దీవుల్లో స్పెయిన్ రాజుకు సుంకాల పని చేసిన మాటా బయటపడింది. ఒక్కొక్క సాక్ష్యం విడిగా చూస్తే నమ్మదగినదే, అన్నీ కలిపితే మనిషే జారిపోతాడు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. ఈ వాంగ్మూలాలు చదివిన చాలామంది ఎవరు నిజం, ఎవరు అబద్ధం అని తేల్చబోతారు. రెండు పక్షాలూ నిజమే చెప్పాయని నేను అనుకుంటాను. కెనరీ దీవుల్లోని టెనరీఫ్‌లో స్పెయిన్ ఉద్యోగిగా, రాయబారి ఇంట్లో కాథలిక్కుగా, చీకటి పడ్డాక ఇంట్లో యూదుడిగా రోబ్లెస్ మూడు బతుకులు బతికాడు. అలా బతికినందుకే సరుకు సముద్రాలు దాటింది. కోర్టుకు కావలసింది మాత్రం ఒక్క జవాబు. పైగా ఆ జవాబులు లాయరు రాసిచ్చిన ప్రశ్నలకు చెప్పినవి. సాక్షుల మాటలు ఒక్కోచోట పదం పొల్లుపోకుండా కలిస్తే, అది జ్ఞాపకశక్తి గొప్పతనమనుకోకండి. ముందురోజు రాత్రి ఎక్కడో అందరూ కలిసి కూర్చున్నారన్నమాట.

మే నెలలో అడ్మిరల్టీ అధికారులు తమ నివేదిక ఇచ్చారు. అతను స్పెయిన్‌వాడో పోర్చుగీసువాడో తేల్చలేకపోయామన్నారు. తేల్చలేకపోయిన మాట అంత మర్యాదగా ఒప్పుకున్న నివేదికలు అరుదు. మే 16న ప్రభుత్వ మండలి జప్తు ఎత్తేసి, ఓడలూ సరుకూ ఇచ్చెయ్యమంది. యూదులు ఇంగ్లండులో ఉండవచ్చని ఎవరూ చట్టం చెయ్యలేదు. అయినా ఆ ఏడాది చివరికి క్రీచర్చ్ వీధిలో ప్రార్థనా మందిరం, మరుసటి ఏడు మైల్ ఎండ్‌లో శ్మశానానికి నేల కుదిరాయి.

ఈ కుటుంబాలకూ మన నేలకూ సంబంధం ఉంది కాబట్టి ఒక మాట. లండన్ పోర్చుగీసు యూదులు తరువాతి తరంలో పగడాలు పంపి గోల్కొండ వజ్రాలు తెప్పించుకునే వ్యాపారంలో ముందున్నారు. వారిలో జాక్ ద పైవా అనే ఆయన మద్రాసులో స్థిరపడి, గోల్కొండ గనులకు వెళ్ళి, జబ్బుపడి 1687లో చనిపోయాడు.

రోబ్లెస్‌కు కలిసొచ్చినట్టు అందరికీ కలిసిరాలేదు. క్వెదా మర్చంట్ అనే ఓడ బెంగాలు నుంచి సూరత్‌కు పోతూ 1698 జనవరి 30న మలబారు తీరంలో, శత్రువులైన ఫ్రెంచివాళ్ళ ఓడలు పట్టుకునే అనుమతి ఉన్న ఇంగ్లీషు కెప్టెన్ కిడ్‌కు చిక్కింది. ఓడను కిరాయికి తీసుకున్నది ఆర్మీనియన్ వర్తకులు. సరుకులో కొంత ఔరంగజేబు దర్బారులోని ఒక అమీరుది. నడిపేవాడు ఇంగ్లీషు కెప్టెన్. పట్టు, మస్లిన్లు, చక్కెర, నల్లమందు, సురేకారం అందులో ఉన్నాయి. కిడ్ ఫ్రెంచి జెండా ఎగరేసి వెంబడించాడు. అది నమ్మి వీళ్ళు ఫ్రెంచి పరవానా బయటికి తీశారు. ఇంకేం, మీరు శత్రువులు, ఓడ నాది అన్నాడు. బందరు నుంచి బయల్దేరే గోల్కొండ ఓడలూ తెల్లవాళ్ళ పరవానాలు పెట్టుకునే తిరిగాయి. ప్రాణం కాపాడవలసిన కాగితమే ఓడను ముంచడం మనవాళ్ళకు కొత్త కాదు.

మొగలు అధికారుల పద్ధతి వేరు. విడిగా ఒక మనిషిని పట్టుకుని నువ్వెవరని అడగడం వాళ్ళకు అనవసరం. టోపీవాళ్ళలో, అంటే యూరోపియన్లలో, ఎవరు దోచినా అందరూ పూచీ. సూరత్‌లో ఇంగ్లీషు, డచ్చి, ఫ్రెంచి కంపెనీల చేత సముద్రం మీద కాపలాకూ నష్టపరిహారానికీ ముచ్చలికాలు, అంటే పూచీకత్తు పత్రాలు, రాయించారు. లండన్ న్యాయం కంటే ఇది మొరటుదే, కానీ పోగొట్టుకున్నవాడికి డబ్బు దొరికే అవకాశం ఇందులోనే ఎక్కువని నాకనిపిస్తుంది.

ఆర్మీనియన్లలో ఖోజా బాబా అనే వర్తకుడు క్వెదా మర్చంట్ సొమ్ము కోసం లండన్‌దాకా వెళ్ళాడు. ఇస్ఫహాన్ పక్కన జుల్ఫా వర్తకుల తరఫున, పర్షియా రాజు ప్రజగా, 1701లో పార్లమెంటుకు అర్జీ పెట్టాడు. అదే ఏడు మే 8, 9 తేదీల్లో లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టులో కిడ్ మీద ఓడదోపిడీ విచారణ జరిగింది. ఫ్రెంచి పరవానాలు తెప్పించండి, నేను నిర్దోషినని అవే చెబుతాయి అని కిడ్ మొత్తుకున్నాడు. ఎవరూ తేలేదు. మే 23న ఉరితీశారు. ఆ పరవానాలు 20వ శతాబ్దం మొదట్లో లండన్ ప్రభుత్వ దఫ్తరంలోనే దొరికాయి. అవి చూపించి ఉంటే కిడ్ బతికేవాడేమో. కాని ఓడ ఫ్రెంచిదని కోర్టు నమ్మితే ఖోజా బాబా సరుకు చట్టప్రకారమే పట్టుబడినదయ్యేది. ఇద్దరినీ ఒకే కాగితం కాపాడే వీలు లేకపోయింది. కిడ్ దగ్గర దొరికిన సొత్తును వేలం వేస్తే 6,400 పౌన్లకు పైగా వచ్చింది. రాణి ఆన్ ఆ డబ్బును గ్రీనిచ్‌లోని నావికుల ఆసుపత్రికి ఇప్పించింది.