పక్కింటి పాట

(మహాసభల సాహిత్య, సాంస్కృతిక వేదికపై చేసిన ప్రసంగ పాఠం)



సింగపూరు నుంచి వచ్చినవాడు ఘంటసాల గురించో, త్యాగరాజ కీర్తనల గురించో మాట్లాడతాడని మీరు అనుకుని ఉంటారు. నేను ఒక మలయ్ హార్డ్ రాక్ బృందం గురించి మాట్లాడబోతున్నాను. కార్యక్రమ పత్రికలో అచ్చుతప్పేమీ పడలేదు, కంగారు పడకండి. నాకిచ్చింది పదిహేను నిమిషాలే కాబట్టి, ఇష్టం లేనివారు కూడా పెద్దగా నష్టపోరు.

గుంటూరు నుంచి ఉద్యోగం మీద వెళ్లి, 1997లో జురాంగ్ వెస్ట్‌లో ప్రభుత్వ గృహాల సముదాయంలో ఒక ఫ్లాటు కొనుక్కున్నాం. అప్పట్లో రైలు బూన్ లే స్టేషను దగ్గరే ఆగిపోయేది. ఊరికి అదే చివర అన్నట్టుండేది. అక్కడ ఒక పద్ధతి ఉంది. 1989 నుంచి ప్రతి బ్లాకులోనూ చైనీయులు ఇందరు, మలయ్‌లు ఇందరు, భారతీయులు ఇందరు మించకూడదని పరిమితి పెట్టారు. మనవాళ్లంతా ఒకచోట చేరి ఒక చిన్న గుంటూరు కట్టుకుందామంటే కుదరదు. అలా మా గోడకి అవతలి వైపు ఒక మలయ్ కుటుంబం ఉండేది. ఇంటి పెద్దాయన నౌకలు కట్టే యార్డులో వెల్డరు. మేమంతా ఆయన్ని పాక్‌చిక్ అని పిలిచేవాళ్లం. మనం బాబాయ్ అన్నట్టే. ఆయన నన్ను 'డిక్' అనేవాడు, అంటే తమ్ముడూ అని.

పాక్‌చిక్ నాకు నేర్పిన మొదటి మలయ్ మాట 'తుంగ్గు'. ఆగు, వేచి ఉండు అని అర్థం. పొద్దున్నే లిఫ్టు తలుపులు మూసుకుపోతుంటే వరండా చివరి నుంచి "తుంగ్గు, తుంగ్గు!" అని కేకేసేవాడు. నేను బొత్తాం నొక్కి పట్టుకునేవాణ్ణి. రోజూ అదే వరస.

ఆదివారాలు ఆయన టేప్ రికార్డరు పెట్టేవాడు. ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్ములు, మధ్యలో గరుకు గొంతుతో ఒకాయన అరుస్తున్నట్టు పాట. 1999లో మా అబ్బాయికి ప్రైమరీ ఆఖరి పరీక్షలు. సింగపూరులో ఉన్నవాళ్లకి ఆ పరీక్ష పేరు చెబితే చాలు, ఇంట్లో కుక్కరు కూడా ఈల వెయ్యడానికి భయపడుతుంది. నేను వెళ్లి తలుపు కొట్టాను. "పాక్‌చిక్, ఆ గోల కాస్త తగ్గిస్తారా, పిల్లాడు చదువుకుంటున్నాడు" అన్నాను. "సారీ డిక్" అన్నాడాయన. అంతే. పరీక్షలు అయిపోయాయి గానీ, ఆ పాట మళ్లీ ఎప్పుడూ గోడ దాటి రాలేదు.

2000 సంవత్సరం హరి రాయ పండక్కి, ఎప్పటిలాగే మాకోసం విడిగా చేయించిన పిండివంటలు పళ్లెంలో పట్టుకొచ్చాడు. పళ్లెం పక్కన ఒక క్యాసెట్ కూడా ఉంది. "ఒకసారి విను డిక్. సౌండు తగ్గించుకునే విను" అని నవ్వాడు. మర్యాదకి తీసుకున్నాను. ఉగాదికి తిరిగి పచ్చడి, బొబ్బట్లు పంపించాం. క్యాసెట్ మాత్రం విప్పనైనా విప్పకుండా, బాలమురళి పాటల క్యాసెట్లున్న అట్టపెట్టెలో పడేశాను. 2008లో పాక్‌చిక్ పోయాడు. ఆయన భార్య ఫ్లాటు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్లిపోయింది.

2020 ఏప్రిల్ 7 నుంచి జూన్ 1 దాకా కోవిడ్ వల్ల సింగపూరంతా ఇళ్లకే పరిమితమైంది. సర్క్యూట్ బ్రేకర్ అన్నారు దాన్ని. అటక మీది పెట్టెలు దించి దులుపుతుంటే ఆ క్యాసెట్ బయటపడింది. స్వీట్ చారిటీ అనే సింగపూరు బృందానిది. 1981 నాటి ఆల్బమ్, పేరు 'పెనుంగ్గు'. ఆ పేరులో నాకు తెలిసిన మాట ఒకటుంది కదా! నిఘంటువు చూశాను. తుంగ్గు అంటే వేచి ఉండటం. పెనుంగ్గు అంటే ఒక చోటుని అంటిపెట్టుకుని కాపలా కాసే అదృశ్య శక్తి. మన పొలిమేర దేవత లాంటిదనుకోండి. ఆ కాపలాదారు మా అటక మీద ఇరవై ఏళ్లు వేచి ఉన్నాడు.

సింగపూరు తేమలో క్యాసెట్ అన్నేళ్లు ఉంటే ఏమవుతుందో మీరు ఊహించుకోవచ్చు. టేపు అంచుల్లో తెల్లగా బూజు. టేపుని వెనకనుంచి నొక్కిపట్టే మెత్తటి ముక్క ఊడిపోయింది. దాన్ని ఇంకో పాడైన క్యాసెట్ నుంచి తీసి అతికించాను. బూజు మెల్లగా తుడిచి, ప్లేయర్ హెడ్ స్పిరిటుతో శుభ్రం చేశాను. వెంటనే వినకుండా, బిగుసుకున్న చుట్టలు సర్దుకోవడానికి టేపుని ఒకసారి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి చుట్టాను. అప్పుడు మీట నొక్కాను.

మొదటి రెండు నిమిషాలు నాకు ఏమీ అర్థం కాలేదని ఒప్పుకుంటాను. మూడో పాటకి కాలు కదిలింది. ఇరవై ఏళ్ల కిందట గోడకి అవతల గోలగా వినిపించినదాంట్లో ఒక క్రమం ఉంది. డ్రమ్ము నడక, దాని మీద గిటారు, ఆ రెంటి మధ్య నుంచి దూసుకొచ్చే ఆ గరుకు గొంతు. మన ఒగ్గు కథకుడు రాత్రంతా పాడి తెల్లవారుజామున పలికించే గొంతులో ఉండే బరువే అందులోనూ ఉంది. ఆ గొంతు రామ్లీ సరిప్‌ది. 1952లో సింగపూరులో పుట్టినవాడు. అక్కడి అభిమానులు ఆయన్ని 'పాపా రాక్' అంటారు.

తర్వాత ఆ బృందం కథ వెతికి చదువుకున్నాను. 1960ల చివర్లో మొదలై ఏళ్ల తరబడి వేదికల మీద వాయించినా, వాళ్ల మొదటి ఆల్బమ్ 1979లో గానీ రాలేదు. ఆ కాలం అలాంటిది. 1970లలో సింగపూరు ప్రభుత్వం పొడుగు జుట్టు మీద ఉద్యమమే నడిపింది. జుట్టు పెంచిన మగవాళ్లకి అందరి తర్వాతే పని చేసిపెడతామని ఆఫీసుల్లో బొమ్మలతో సహా నోటీసులు అంటించారు. 1972లో ప్రపంచ ప్రసిద్ధమైన లెడ్ జెపెలిన్ బృందం వస్తే, జుట్టు కారణంగా దేశంలో అడుగు పెట్టనివ్వలేదు, కచేరీ రద్దయింది. అలాంటి ఊళ్లో, అదీ మలయ్ భాషలో, హార్డ్ రాక్ పాడి నిలబడ్డారు వీళ్లు. 1979 నుంచి ఏడాదికొకటి చొప్పున ఆల్బమ్‌లు తెచ్చారు. తర్వాత 1980లలో మలేషియాలో సెర్చ్, వింగ్స్ లాంటి బృందాలతో పొంగిన రాక్ వెల్లువకి దారి వేసినవాళ్లలో వీళ్లు ముందున్నారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మలయ్ శ్రోతలు వీళ్లని ఏనాడూ మరచిపోలేదు. కాబట్టి మరుగునపడిన రత్నాన్ని నేను వెలికి తీశానంటే అంతకంటే అబద్ధం లేదు. ఆ పాట మరుగున పడింది నాకు. అదే వరండాలో పదకొండేళ్లు నడిచి, అదే లిఫ్టు ఎక్కి, గోడకి అవతల మోగుతున్నది ఏమిటని ఒక్కసారి కూడా అడగని నాకు.

మన దేశంలోనూ ఇలాంటి కథ ఉంది. బొంబాయిలో 1970లలో అటామిక్ ఫారెస్ట్ అనే రాక్ బృందం ఉండేది. వాళ్ల ఒకే ఒక్క ఆల్బమ్ 1981లో బయటికి వచ్చింది. అప్పటికే బృందం చెదిరిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు. ముప్ఫై ఏళ్ల తర్వాత, 2011లో, అమెరికాలోని నౌ ఎగైన్ అనే చిన్న కంపెనీ ఆ పాటల్ని తిరిగి విడుదల చేస్తే మనవాళ్లు కూడా చెవులు రిక్కించారు. మన ఇంట్లోది మనకి వినపడాలంటే బయటివాడు చెప్పాలి. పక్కింటివాడు చెప్పినా నేను వినలేదు కాబట్టి, నా పరిస్థితి ఇంకా అన్యాయం.

అదే 2020లో, ఆగస్టులో జాతీయ దినోత్సవం రోజుల్లో, రామ్లీ సరిప్ పాడిన సింగపూరు జాతీయ గీతం మీద పెద్ద చర్చ జరిగింది. 1958లో జుబిర్ సయీద్ కూర్చిన గీతాన్ని ఈయన నెమ్మదిగా, తన ధోరణిలో పాడారు. స్వరకర్త కుమార్తెకి అది నచ్చలేదు. చాలామందికి కళ్లు చెమర్చాయి. ఒకప్పుడు జుట్టు పొడుగని వెనక్కి నెట్టిన ఊరు, అలాంటి గాయకుడి గొంతులో తన గీతాన్ని వింటోంది. టీవీ ముందు కూర్చుని ఆ గొంతుని నేను గుర్తుపట్టాను. గుర్తుపట్టానని చెప్పుకోవడానికి పక్కింట్లో పాక్‌చిక్ లేడు.

ఆంక్షలు సడలాక వాకబు చేసి ఆయన కూతురి ఇంటికి వెళ్లాను. క్యాసెట్ ఆమె చేతిలో పెట్టాను. ఆమె పైపెట్టె తెరిచి లోపలి కాగితం తీసింది. పాటల పేర్ల పక్కన పెన్సిలుతో చిన్న చిన్న టిక్కులున్నాయి. నేను వాటిని చూసి కూడా పట్టించుకోలేదు. "నాన్నవే. నచ్చిన పాటలకి ఇలాగే పెట్టేవాడు" అందామె. వాళ్ల ఇంట్లో ఆయన క్యాసెట్లు ఒక్కటీ మిగల్లేదట. ఫ్లాటు అమ్మేటప్పుడు పాత సామాను మనిషికి ఇచ్చేశారట. నా నిర్లక్ష్యం వల్లే ఒక్కటి మిగిలింది. దానికి సంతోషించాలో సిగ్గుపడాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మిత్రులారా, 1975లో ఏర్పడిన సింగపూరు తెలుగు సమాజం లాంటివి మనకి దేశదేశాల్లో ఉన్నాయి. ఆ ఉగాది సాయంత్రాల్లో పిల్లలు పాడిన పాటలు, పెద్దలు చదివిన పద్యాలు క్యాసెట్ల మీదే ఉన్నాయి. మన అటకల మీద కూడా పెనుంగ్గులు ఉన్నాయన్నమాట. ఇంటికి వెళ్లాక ఆ పెట్టెలు దించండి. బూజు టేపుని తినేస్తుంది, అది మన తీరికకోసం ఆగదు. కంప్యూటరులోకి ఎక్కించడం ఈనాడు కష్టమేమీ కాదు. పిల్లల్ని అడిగితే చేసిపెడతారు.

రెండో మనవి ఇంకొంచెం కష్టమైనది. మన భాషని కాపాడుకోవాలని ప్రతి మహాసభలోనూ తీర్మానిస్తాం, తీర్మానించాలి కూడా. ఈసారి ఇంటికెళ్లి మీ పక్కింటి తలుపు కూడా ఒకసారి కొట్టండి. సౌండు తగ్గించమని అడగడానికి కాదు. ఆ పాట ఎవరిదో కనుక్కోవడానికి. మెక్సికో పాటో, కొరియా పాటో, ఏదైనా కావచ్చు. ఆ పాట పాడేవాడు మీకోసం ఆగుతాడేమో గానీ, దాన్ని మీకు వినిపించాలనుకున్న మనిషి ఆగకపోవచ్చు.