హీరో వెనక స్తంభం



సినిమా చూసొస్తే హీరో గురించి, పాటల గురించి మాట్లాడుకుంటాం. ఆ హీరో ఆనుకుని నిలబడ్డ స్తంభం ఎవరికీ గుర్తుండదు. ఈ సాయంత్రం ఆ స్తంభం సంగతే, అంటే సెట్ల సంగతే చెబుతాను.

జర్మనీలో పౌల్ లెని అని ఒకాయన ఉండేవాడు. 1885లో స్టుట్‌గార్ట్‌లో పుట్టాడు. స్వతహాగా చిత్రకారుడు. నాటకాలకు, మూకీ సినిమాలకు సెట్లు వేసి, ఆపైన డైరెక్టరయ్యాడు. 1924లో ఆయన తీసిన ‘వ్యాక్స్‌వర్క్స్’లో రష్యా చక్రవర్తి ఇవాన్ కోట ఉంది. అందులో గుమ్మాలు మరీ కురచ. లోపలికొచ్చేవాడు నడుం వంచాల్సిందే. మాటల్లేని సినిమాలో రాజంటే భయాన్ని ఆ గుమ్మమే చెప్పింది. తర్వాత హాలీవుడ్ వెళ్లి పేరు తెచ్చుకున్నాడు గానీ, 1929లో 44 ఏళ్లకే పోయాడు.

సెట్టంటే గోడలు నిలబెట్టడం ఒక్కటే కాదు. వెలుగు ఎటునుంచి పడుతుందో, మనిషి ఎలా నడుస్తాడో ముందే లెక్కగట్టాలి. మన నిమ్మలకుంట తోలుబొమ్మలు చూడండి. వడ్డాణానికి, కంఠహారానికి సన్నటి రంధ్రాలు పొడుస్తారు. చేత్తో పట్టుకుంటే అవి చిల్లులే. వెనక దీపం పెడితే నగలు. బొమ్మ చేసేవాడే ఆడిస్తాడు కాబట్టి ఆ లెక్క తప్పదు.

సినిమాలో ఆ పనులు తలా ఒకరివి. లెని చాలావరకు తన చేతిలోనే పెట్టుకున్నాడు. మనవాళ్లు కలిసి కూర్చుని సాధించారు. 1951లో ‘పాతాళభైరవి’, 1957లో ‘మాయాబజార్’. రెండింటికీ డైరెక్టరు మన తాడిపత్రి కె.వి.రెడ్డి, కెమెరా మార్కస్ బార్ట్‌లే, కళ మాధవపెద్ది గోఖలే, కళాధర్. గోఖలే చిత్రకారుడే కాదు, కథలు కూడా రాశాడు.

‘మాయాబజార్’లో ద్వారక గుర్తుందా? 50 అడుగులకు 60 అడుగుల జాగాలో దాదాపు 300 బొమ్మ ఇళ్లు కట్టి, వాటికి దీపాలు పెట్టారు. ఒక ఇల్లులా మరో ఇల్లు ఉండదు. అన్నీ ఒకేలా ఉంటే కన్ను ఇట్టే పసిగడుతుంది, బొమ్మలని తేలిపోతుంది.

అసలు ఆ కథే సెట్లు వేసేవాళ్ల కథ. అందులో మాయగాళ్లు చిన్నమయ, లంబు, జంబు లేని ఊరిని నిలబెట్టి, కౌరవులను అందులో విడిది దింపి, వాళ్ల పరువు తీశారు. ఆ మాయకు లొంగిపోయింది కౌరవులొక్కరేనా? డబ్బిచ్చి టికెట్టు కొని మనమూ లొంగిపోయాం.

మీ ఇంట్లో బొమ్మలేసే పిల్లలుంటే, చదువు పాడవుతుందని కసురుకోకండి. వాళ్లు గీసిన ఇంటికి కిటికీ పెట్టించి, ఎండ ఎటు పడుతుందో అడగండి. ఈ విద్యకు మొదటి పాఠం అదే.