ఎడ్రినలిన్ కణితి – మత్తు వైద్యుని ముందుచూపు



జంషెడ్‌పూర్‌లోని టెల్కో కాలనీ పేరు మీలో కొందరు వినే ఉంటారు. 1945లో రైలింజన్ల తయారీ కోసం స్థాపించిన టెల్కో సంస్థ 1954లో లారీల తయారీ మొదలుపెట్టింది. ఆ లారీ ఒకటి నిండు లోడుతో దల్మా కొండల వంటి ఎత్తు ఎక్కుతోందనుకోండి. ఈనాటి పాఠానికి ఆ దృశ్యం పనికివస్తుంది.

మూత్రపిండాలపై టోపీల్లా ఉండేవి అధివృక్క గ్రంథులు. వీటి లోపలి భాగమైన దవ్వలో ఎడ్రినలిన్, నార్ఎడ్రినలిన్ తయారవుతాయి. అక్కడ అరుదుగా పుట్టే కణితి ఫియోక్రోమోసైటోమా. అది ఈ హార్మోన్లను అదుపు లేకుండా విడుదల చేస్తుంది. అప్పుడు తలనొప్పి, చెమటలు, గుండెదడ వస్తాయి. రక్తపోటు 200 దాటవచ్చు.

దీనికి చికిత్స కణితిని తొలగించడమే. మరి వెంటనే ఎందుకు తొలగించరు? శస్త్రవైద్యుని చేయి తగిలితే చాలు, హార్మోన్లు రక్తంలోకి ఉప్పెనలా వస్తాయి. సిద్ధం కాని రోగికి అది ప్రాణాంతకం. అందుకే మత్తు వైద్యుని పని సుమారు రెండు వారాల ముందే మొదలవుతుంది.

మొదట ఫినాక్సీబెంజమిన్ వంటి ఆల్ఫా నిరోధకం ఇచ్చి, బిగుసుకున్న రక్తనాళాలను సడలిస్తారు. ఉప్పు, ద్రవాలు పెంచి, తగ్గిన రక్త పరిమాణాన్ని నింపుతారు. గుండెదడ తగ్గించే బీటా నిరోధకం అవసరమైతే ఆ తరువాతే. ఎందుకు? నాళాలు బిగిసి ఉన్నప్పుడు గుండె ఎత్తు ఎక్కే లారీ వంటిది. ఎత్తు తగ్గించకుండా ఇంజను బలం తగ్గిస్తే లారీ వెనక్కు జారుతుంది. పైగా నాళాలను సడలించే బీటా ప్రభావం కూడా ఆగి, రక్తపోటు ఇంకా పెరుగుతుంది.

శస్త్రచికిత్స జరిగేటప్పుడు ధమనిలో ఉంచిన సన్నని గొట్టం రక్తపోటును ప్రతి క్షణం చూపుతుంది. పోటు పెరిగితే సోడియం నైట్రోప్రుసైడ్ వంటి మందుతో దించుతారు. కణితి నుంచి వచ్చే సిరను ముడివేయగానే కథ తిరగబడుతుంది. హార్మోను ఆగి పోటు పడిపోతుంది. అప్పుడు ద్రవాలు, అవసరమైతే నార్ఎడ్రినలిన్ ఎక్కిస్తారు. అంతవరకు శత్రువైనదే ఇప్పుడు మందు! తరువాత రక్తంలో చక్కెర కూడా తగ్గవచ్చు. అందుకే రోగిని కనిపెట్టుకొని ఉండాలి.

1926లో స్విట్జర్లాండ్‌లో రూ, అమెరికాలో చార్లెస్ మేయో ఈ కణితిని విజయవంతంగా తొలగించారు. అప్పటికి ఈ మందులు లేవు. నేడు అనుభవమున్న ఆసుపత్రుల్లో ఈ శస్త్రచికిత్సలో మరణాలు చాలా అరుదు. ఆ తేడాలో పెద్ద భాగం ముందస్తు సన్నాహానిదే.

మీ ఇంట్లో ఎవరికైనా తలనొప్పి, చెమటలు, దడ కలిసి ఉండుండి వస్తుంటే వైద్యునికి చెప్పండి. చిన్న ఆపరేషనైనా సరే, ముందుగా మత్తు వైద్యునికి ఆ సంగతి తెలియాలి. "రెండు వారాలు ఆగండి" అంటే అది ఆలస్యం కాదు, చికిత్సలో మొదటి మెట్టు.