ఓటడిగేవారిని మూడు ప్రశ్నలు అడుగుదాం

(మండల రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



ఎన్నికలొస్తే ప్రతి అభ్యర్థీ రైతు బిడ్డే అవుతాడు. తలపాగా చుట్టి, నాగలి పట్టి ఫొటో దిగుతాడు. అన్నదాతకు అండగా ఉంటామని అనని పార్టీ లేదు. అందరూ అనే మాటతో ఎవరినీ కొలవలేం. తప్పించుకోవడానికి వీల్లేని ప్రశ్నలతోనే కొలవాలి. నేను మూడు చెబుతాను.

మొదటిది ధర. స్వామినాథన్ కమిషన్ సిఫార్సు అమలు చేస్తామంటే సరిపోదు. ఏ ఖర్చు మీద యాభై శాతం కలుపుతారో చెప్పమనండి. 2023-24 ఖరీఫ్‌లో సాధారణ రకం వరికి కేంద్రం లెక్కలోకి తీసుకున్న ఖర్చు క్వింటాలుకు 1,455 రూపాయలు. చేతి నుంచి పెట్టిన ఖర్చు, ఇంటిల్లిపాది చాకిరీ మాత్రమే అందులో ఉన్నాయి. సొంత భూమి కౌలు విలువ, సొంత పెట్టుబడి మీద వడ్డీ కూడా కలిపిన సి2 ఖర్చు 1,911 రూపాయలు. మొదటి లెక్కతో మద్దతు ధర 2,183 అయింది. సి2 లెక్కతో 2,866 కావాలి. తేడా 683. ఎకరాకు పాతిక క్వింటాళ్లు పండితే 17 వేలు పోయినట్టే.

రెండోది కౌలు. మన రాష్ట్రంలో 2011 నాటి కౌలు చట్టం స్థానంలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. దీనిలో భూయజమాని సంతకం ఉంటేనే కార్డు. సంతకం పెట్టడానికి యజమానులు భయపడతారు. పెట్టుబడి, నష్టం కౌలుదారువి. కార్డు లేదని బ్యాంకు మాత్రం అప్పివ్వదు. ఈ సంతకం షరతు తీసేయిస్తారా, లేదా?

మూడోది సభలో వైఖరి. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో రెండు సాగు బిల్లులను మూజువాణి ఓటుతో ఆమోదించారు. ఎవరు ఎటు ఓటేశారో లెక్క లేదు. ఆ చట్టాలు రద్దు కావడానికి రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది కూర్చోవాల్సి వచ్చింది. ఆ రోజు మీ పార్టీ ఎటు నిలబడిందని అడగండి.

అభ్యర్థి అఫిడవిట్ కూడా చూడండి. 2002లో సుప్రీంకోర్టు తీర్పుతో ఓటరుకు దక్కిన హక్కు అది. కేసులు, ఆస్తులు, అప్పులు అందులో ఉంటాయి. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో దొరుకుతుంది. ఫోన్ తెలిసిన పిల్లల చేత తీయించి నలుగురిలో చదివించండి.

'మనవాడే' అని కులం పేరు చెప్పి వస్తారు. కాటా దగ్గర తరుగు తీసే మిల్లరును ఒక్క మాట అననివాడు మనవాడెలా అవుతాడు? ఓటుకు రెండు వేలు పంచేవాడు ఎకరాకు పోయే 17 వేల సంగతి ఎత్తడు.

కాబట్టి ప్రతి ఊళ్లో ఒక పని చేద్దాం. అభ్యర్థి రచ్చబండ దగ్గరకు రాగానే ఒకరు లేచి ఈ మూడు ప్రశ్నలు అడగాలి. ఇంకొకరు జవాబులు నోటుబుక్కులో తేదీ వేసి రాసి, ఆయన చేత సంతకం పెట్టించాలి. పెట్టనంటే అదీ రాయండి. ఎవరు గెలిచినా, ఏడాది తిరిగాక ఆ పుస్తకం పట్టుకునే ఆయన గుమ్మం ముందుకు వెళదాం.