తగ్గింపు వెనకున్న షరతు

(అధ్యక్షోపన్యాసం)



కవి అలిశెట్టి ప్రభాకర్‌ను కన్న ఈ జగిత్యాలలో కవిత్వం మీద సభ పెడితే ఎవరూ ఏమీ అడగరు. పోటీ చట్టం మీద, అందులోనూ కంప్యూటర్ చిప్పుల కంపెనీల తగాదాల మీద సభ పెడుతున్నామంటే, అవి అమెరికాలోనో బ్రసెల్స్‌లోనో తేలే వ్యవహారాలు కదా, జగిత్యాలకేం పని అని అడిగినవాళ్లున్నారు. నేను ఈ అధ్యక్ష స్థానానికి ఒప్పుకున్నదే ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి. చిప్పు ఎక్కడ తయారైనా కావచ్చు. ఏ చిప్పు అమ్మాలో, ఏది అమ్మకూడదో తేలేది మాత్రం దుకాణం కౌంటరు దగ్గర. ఆ కౌంటర్లు కోరుట్లలోనూ ఉన్నాయి.

ఏఎండీ, ఇంటెల్ తగాదా మొదటి అధ్యాయాలు మీ అందరికీ తెలుసు. 1982 నాటి ఒప్పందం, 386 చిప్పు వివరాలు ఏఎండీకి ఇవ్వనని ఇంటెల్ మొండికేయడం, మధ్యవర్తి తీర్పు, దాన్ని 1994 డిసెంబరులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు నిలబెట్టడం, వీటన్నిటినీ దాటి వెళ్తాను. అది ఒప్పందాల తగాదా. నేను పట్టించుకునే తగాదా 2005 జూన్ 27న మొదలైంది. ఆ రోజు ఏఎండీ డెలావేర్ ఫెడరల్ కోర్టులో దావా వేసింది. ఇంటెల్ ఒత్తిడికి లోనయ్యాయంటూ 38 కంపెనీల పేర్లు అందులో రాసింది. అప్పటికి ఏఎండీ వెనకబడిన కంపెనీ కాదు. 2003లో వచ్చిన దాని ఆప్టెరాన్ చిప్పు 64 బిట్ల దారి తెరిచింది. మరుసటి ఏడాది ఇంటెల్ కూడా అదే దారి పట్టక తప్పలేదు. సరుకులో ముందున్నవాడు సంతలో ఎందుకు వెనకబడ్డాడన్నదే ఆ దావా అడిగిన ప్రశ్న.

నా వరకు ఈ రంగమంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. షరతు పెట్టి ఇచ్చే తగ్గింపు తగ్గింపేనా? ఎక్కువ కొన్నవాడికి తక్కువ ధర ఇవ్వడం వ్యాపారం. దాన్ని ఎవరూ తప్పు పట్టరు. మొత్తం నా దగ్గరే కొంటే ఇంత ఇస్తాను, అవతలివాడి దగ్గర కాస్త కొన్నా ఇచ్చినదంతా వెనక్కి తీసుకుంటాను అనడం వేరు. ఈ తేడా ఒప్పుకోని మిత్రులతో నేను ఎన్నో ఏళ్లుగా వాదిస్తున్నాను. ఇవాళ కూడా వాదిస్తాను.

యూరోపియన్ కమిషన్ 2009 మే 13న ఇంటెల్ మీద 106 కోట్ల యూరోల జరిమానా వేసింది. ఆ నిర్ణయంలో హెచ్‌పీకి సంబంధించిన భాగాన్ని ప్రతి విద్యార్థి చదవాలి. హెచ్‌పీ తన వ్యాపార డెస్క్‌టాప్‌ల కోసం కొనే ప్రాసెసర్లలో కనీసం 95 శాతం తన దగ్గరే కొనాలన్నది ఇంటెల్ షరతు. ఏఎండీ 10 లక్షల ప్రాసెసర్లు ఉచితంగా ఇస్తానంది. హెచ్‌పీ తీసుకున్నది 1 లక్షా 60 వేలే. ఊరికే వస్తున్న సరుకును ఒక వ్యాపారి ఎందుకు వద్దంటాడు? ఏఎండీ ఎంత ఇచ్చినా హెచ్‌పీ అవసరం మొత్తం తీర్చలేదు. దాని ఫ్యాక్టరీలకు అంత సత్తా లేదు. ఎటు తిరిగీ పెద్ద వాటా ఇంటెల్ దగ్గరే కొనాలి. ఆ పెద్ద వాటా మీద వచ్చే తగ్గింపు పోతే కలిగే నష్టం, ఉచితంగా వచ్చే చిన్న వాటా లాభాన్ని మింగేస్తుంది. ధర సున్నా అయినా పోటీదారు గెలవలేడన్నమాట.

సిరిసిల్ల ప్రతినిధులకు దీన్ని నేను విడమరచి చెప్పనక్కర్లేదు. సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆసామివే, షెడ్డు ఆసామిదే. నూలు చుట్టిన బీములు మాత్రం యజమాని దగ్గర్నుంచి రావాలి. పక్క యజమాని పిక్కుకు నాలుగు పైసలు ఎక్కువిస్తానన్నా, రెండు సాంచాల మీద అతని బీములు ఎక్కిస్తే మిగతా సాంచాలకు రేపు నూలు వస్తుందో రాదో అని ఆసామి ఆలోచిస్తాడు. హెచ్‌పీ ఆలోచించినదీ అదే.

డెల్ కథ ఇంకా బరువైనది. డెల్ 2006 దాకా ఏఎండీ చిప్పును తాకలేదు. ఇంటెల్ ఇచ్చే సొమ్ము డెల్ లాభాల్లో ఎంత ఉండేదో 2010 జూలైలో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ బయటపెట్టింది. 2003 ఆర్థిక సంవత్సరంలో నిర్వహణ లాభంలో 10 శాతం. 2006లో 38 శాతం. 2007 మొదటి త్రైమాసికంలో 76 శాతం. ఈ సంగతి వాటాదారులకు చెప్పనందుకు డెల్ 10 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. ఒక కంపెనీ లాభంలో నాలుగింట మూడొంతులు సరుకు అమ్మేవాడి చేతిలో ఉంటే, ఆ కంపెనీ ఎవరి సరుకు కొంటుందో వేరే చెప్పాలా?

మన మధ్యనే ఉన్న ఒక పెద్దాయన (వారంటే నాకు గౌరవం, పేరు చెప్పను) ప్రతి సభలోనూ ఒకే మాట అంటారు: ఆ ఏళ్లలో కంప్యూటర్ల ధరలు పడిపోయాయి, వినియోగదారుడు బాగుపడ్డాడు, ఇక ఫిర్యాదేమిటి? చికాగో ఆర్థికశాస్త్ర పండితులు రాసినదాన్ని ఆయన చక్కగా ఒప్పజెప్పగలరు. ఆయన్ని నేను అడిగేది ఒకటే. హెచ్‌పీ పుచ్చుకోని ఆ 8 లక్షల 40 వేల చిప్పులు మీ ధరల పట్టికలో ఏ గడిలో ఉన్నాయి? రాని సరుకుకు ధర ఉండదు. ధర లేనిదాన్ని మీ లెక్క చూడలేదు. ధరలు పడ్డమాట నిజం. ఇంకెంత పడేవో చెప్పే సాక్ష్యాన్ని ఆ షరతులే పుట్టకుండా చేశాయి.

ఇంకొందరు మిత్రులు కోర్టు వార్తల శీర్షికలు చదివి, ఇంటెల్ నిర్దోషి అని తేలిందంటూ వ్యాసాలు రాశారు. దయచేసి తీర్పులు చదవండి. 2014లో యూరోపియన్ యూనియన్ జనరల్ కోర్టు జరిమానాను సమర్థించింది. 2017 సెప్టెంబరులో పై కోర్టు దాన్ని తిరగ్గొట్టింది. అంతే సామర్థ్యం ఉన్న పోటీదారుడు ఆ తగ్గింపుల ముందు నిలవగలడా లేదా అన్న విశ్లేషణ మీద ఇంటెల్ చేసిన వాదనలను కింది కోర్టు సరిగా పరిశీలించలేదంది. 2022 జనవరిలో జనరల్ కోర్టు, కమిషన్ విశ్లేషణలో లోపాలున్నాయని ఆ జరిమానా మొత్తం రద్దు చేసింది. 2024 అక్టోబరు 24న పై కోర్టు దాన్నే ఖాయం చేసింది. తగ్గింపుల విషయంలో కమిషన్ రుజువు చేయలేకపోయింది, అంతవరకు నిజం. అదే కేసులో రెండో భాగం ఉంది. ఏఎండీ చిప్పున్న యంత్రాలను ఆపడానికో, ఆలస్యం చేయడానికో హెచ్‌పీ, ఏసర్, లెనోవోలకు సొమ్ము చెల్లించిన భాగం అది. దాన్ని కోర్టు కొట్టేయలేదు. 2023 సెప్టెంబరులో కమిషన్ దాని మీదే మళ్లీ 37 కోట్ల 60 లక్షల యూరోల జరిమానా వేసింది. సగం తీర్పు చదివి నిర్దోషిత్వ పత్రం రాసిచ్చే హక్కు మనకు లేదు. క్వాల్‌కామ్ యాపిల్‌కు చెల్లించిన సొమ్ము కేసు కూడా ఇంతే. 2018లో 99.7 కోట్ల యూరోల జరిమానా, 2022లో రద్దు. రద్దుకు కారణమేమిటో చదివినవాళ్లు మనలో ఎందరున్నారు?

ఏఎండీని బాధితురాలిగా పూజించేవారితోనూ నాకు పేచీ ఉంది. 2009 నవంబరు 12న ఏఎండీ 125 కోట్ల డాలర్లు తీసుకుని దావా వదులుకుంది. కంపెనీగా అది దానికి లాభమే. జ్యూరీ ముందు బహిరంగంగా జరగాల్సిన విచారణ మాత్రం ఆగిపోయింది. నాలుగేళ్లపాటు పోగైన సాక్ష్యం ఎవరూ ప్రశ్నించకుండానే మూలపడింది. జపాన్‌లో 2005లో ఇంటెల్ తప్పు ఒప్పుకోకుండానే ఆదేశానికి తలొగ్గింది. కొరియా 2008లో 2,600 కోట్ల వాన్ల జరిమానా వేసింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు 2010 ఆగస్టులో రాజీతో ముగిసింది. ఇన్ని దేశాలు తిరిగిన కేసులో మూల ప్రశ్నకు ఒక్క స్థిరమైన జవాబు రాలేదంటే, అందులో రాజీల పాత్ర చాలా ఉంది.

ఇక మన నేల సంగతి. డెలావేర్‌లో దావా పడిన ఏడాదే, 2005 డిసెంబరులో, సెమ్‌ఇండియా అనే కంపెనీతో ఏఎండీ సాంకేతిక ఒప్పందం చేసుకుంది. దాని మీద ఆశతోనే హైదరాబాదు శివార్లలో ఫ్యాబ్‌సిటీ పుట్టింది. 300 కోట్ల డాలర్ల కర్మాగారం అన్నారు. చిప్పులు చేసే ఆ కర్మాగారం రానేలేదు. 2009 వచ్చేసరికి ఏఎండీ తన సొంత ఫ్యాక్టరీలనే విడదీసి గ్లోబల్‌ఫౌండ్రీస్‌గా అబుధాబి పెట్టుబడిదారులతో పంచుకుంది. దీనికంతా ఇంటెల్ షరతులే కారణమని నేననను. 2006లో 540 కోట్ల డాలర్లు పోసి ఏటీఐ అనే కంపెనీని కొన్న భారమూ ఏఎండీ మీద ఉంది. రాయితీల లెక్కలు, అప్పటి ప్రభుత్వ విధానాలు వేరే ఉన్నాయి. కానీ అమ్మకాలు బిగిసిపోయిన కంపెనీ ఫ్యాక్టరీలు ఎలా పెంచుతుందన్న ప్రశ్నను ఫ్యాబ్‌సిటీ మీద రాసినవారు అడగాలి కదా. భూముల మీద రాశారు, రాజకీయం మీద రాశారు. పోటీ కోణం నుంచి తెలుగులో ఒక్క మంచి వ్యాసం నాకు కనబడలేదు.

మనుషులు మాత్రం రెండు వైపులా మనవాళ్లే. కొవ్వూరులో పుట్టిన రాజా కోడూరి ఏఎండీలో గ్రాఫిక్స్ విభాగాన్ని నడిపి, 2017 నవంబరులో ఇంటెల్‌లో చేరారు. సరిగ్గా ఆ వారమే ఇంటెల్ ప్రాసెసర్, ఏఎండీ గ్రాఫిక్స్ ఒకే ప్యాకేజీలో వస్తున్నాయని ప్రకటన వచ్చింది. హైదరాబాదులో ఇవాళ రెండు కంపెనీలకూ డిజైన్ కేంద్రాలున్నాయి. ఇక్కడికి దగ్గర్లోని నాచుపల్లి జేఎన్‌టీయూ కాలేజీలో చదివినవారు రేపు ఏ గేటు లోపలికైనా వెళ్లొచ్చు. వాళ్లకు చిప్పు గీయడం నేర్పుతున్నాం. ఆ చిప్పు ఏ షరతుల మీద అమ్ముడవుతుందో కూడా నేర్పాలి.

మన దేశంలో ఆధిపత్య దుర్వినియోగం మీద పోటీ చట్టం సెక్షన్లు అమల్లోకి వచ్చింది 2009 మే 20న. బ్రసెల్స్ జరిమానా పడిన వారానికి. ఇంటెల్‌పై ఈసిస్ అనే డిస్ట్రిబ్యూటరు చేసిన ఫిర్యాదు మీద 2014 జనవరిలో మన కాంపిటిషన్ కమిషన్ ఇచ్చిన ఉత్తర్వు మన విద్యార్థులకు పాఠం కావాలి. ఇంటెల్‌కు ఆధిపత్యం ఉందని ఒప్పుకుంది, దుర్వినియోగం రుజువు కాలేదంది. 2019 ఆగస్టులో మ్యాట్రిక్స్ ఇన్ఫో సిస్టమ్స్ ఫిర్యాదు మీద అదే కమిషన్ విచారణకు ఆదేశించింది. వివాదం వారంటీ మీద. పెట్టెలో వచ్చే ప్రాసెసర్లకు భారతదేశంలో వారంటీ కావాలంటే, ఇక్కడి అధీకృత డిస్ట్రిబ్యూటర్ల నుంచే వచ్చి ఉండాలన్న విధానం ఇంటెల్ 2016లో పెట్టింది. కోరుట్లలో కంప్యూటర్ కొన్న తల్లిదండ్రులకు ఆ విధానం నేరుగా తగిలింది. డబ్బా మీద పేరు అదే, లోపల చిప్పు అదే, పాడైతే బాగుచేసి ఇచ్చేది మాత్రం ఏ దారిన వచ్చిందన్నదాన్ని బట్టి ఉండేది.

ఈ దారి నేను ఎరిగిన దారి. తొంభైల చివరి నుంచి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి కుర్రాళ్లు తెల్లవారుజామున బస్సెక్కి జేబీఎస్ బస్టాండులో దిగి, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మదర్‌బోర్డు ఒక చోట, ర్యామ్ ఒక చోట, ప్రాసెసర్ ఒక చోట కొని, సంచీ ఒళ్లో పెట్టుకుని రాత్రికి ఊరు చేరేవారు. ఊళ్లో అసెంబుల్ చేసి ఇంటర్నెట్ కేంద్రాలకూ, ట్యుటోరియల్ కాలేజీలకూ అమ్మేవారు. చెనాయ్‌లో ప్రతి దుకాణం రోజూ ఒక ధరల కాగితం ఇచ్చేది. దాని వెనక ఈ నెల స్కీం ఏమిటో, టార్గెట్ ఎంతో పెన్నుతో రాసేవారు. మన రంగానికి అసలు శాసనాలు ఆ కాగితాలే. బ్రసెల్స్ కమిషన్ మీడియా సాటర్న్ దుకాణాల దగ్గర వెతికినదీ అటువంటి సాక్ష్యమే. మనం వాటిని చెత్తబుట్టలో వేసుకున్నాం.

కాలేజీల టెండర్లదీ అదే పరిస్థితి. కొనుగోలు కమిటీ కావలసిన వేగం, మెమరీ రాసి ఊరుకోకుండా ఒక కంపెనీ చిప్పు పేరే రాసేస్తే, రెండోవాడు తలుపు దగ్గరికే రాలేడు. ఇటువంటి టెండర్ల మీద 2004లోనే యూరోపియన్ కమిషన్ తన సభ్య దేశాలను నిలదీసింది. మన దగ్గర నిలదీసినవారెవరు? ఉమ్మడి కరీంనగర్ జిల్లా ప్రభుత్వ కాలేజీల పాత టెండరు ఫైళ్లు సమాచార హక్కు చట్టం కింద అడిగి తెచ్చి చదివే ఓపిక మన పరిశోధకులకు ఎందుకు లేదు? విదేశీ పాఠ్యపుస్తకం నుంచి రెండు అధ్యాయాలు తెలుగు చేసి పీహెచ్‌డీ తీసుకోవడం తేలిక. దాన్ని ప్రోత్సహించిన గైడ్లు ఈ హాలులోనే ఉన్నారు. వారు నొచ్చుకున్నా సరే, ఈ మాట చెప్పి తీరాలి.

ఆ రోజుల డీలర్లలో కొందరు వ్యాపారం మానేసి గల్ఫ్ వెళ్లారు, కొందరు సెల్‌ఫోన్ దుకాణాలు పెట్టుకున్నారు. పెద్దవాళ్లవుతున్నారు. వాళ్లు పోయాక ఏ ఆర్కైవూ ఈ చరిత్రను తిరిగివ్వదు. కాబట్టి యువ ప్రతినిధులకు నా విజ్ఞప్తి. ఈ సభ నుంచి వెళ్లగానే మీ ఊరి పాత కంప్యూటర్ డీలరు దగ్గరికి వెళ్లండి. బిల్లు బుక్కులు, కొటేషన్లు, స్కీం ఉత్తరాలు ఏవున్నా అడగండి. ఇవ్వకపోతే ఫొటోలు తీసుకోండి. ఏ కంపెనీ చిప్పు పెట్టారు, ఏది పెట్టలేదు, ఎందుకు పెట్టలేదు అని అడిగి, వారు చెప్పినది తేదీతో సహా రాసుకోండి. వచ్చే సభలో అధ్యక్షుడెవరైనా సరే, ఆ కాగితాల మీద ఒక పూర్తి సమావేశం పెట్టాలని ఈ వేదిక తీర్మానించాలని కోరుతున్నాను.